గ్రీకుల చావుదేవుడి పేరు తెలుగులో ఎలా రాయాలి? థానటోసా, థానోసా, ఇంకేమైనానా?

కాగితం_పడవ:
అందరికీ నమస్కారం. ఒక పిల్లల పత్రికకి గ్రీకు కథలు రాసిస్తున్నా, ఆరు అయ్యాయి, ఏడో కథ దగ్గర బండి ఆగిపోయింది. ట్రాయ్ యుద్ధంలో సార్పెడాన్ అనే లైసియా రాజు చచ్చిపోతాడు కదా, వాళ్ళ నాన్న ఎవరో కాదు సాక్షాత్తూ జ్యూస్, దేవుళ్ళకి రాజు అయ్యుండి కూడా కొడుకుని కాపాడుకోలేక నెత్తుటి వాన కురిపిస్తాడు. తర్వాత అపోలోని పంపించి శవాన్ని ఏట్లో కడిగించి, ఒంటికి అమృతం పూయించి, నిద్ర, చావు అనే ఇద్దరు కవలల చేత సొంతూరికి మోయిస్తాడు. హోమర్ కావ్యం ఇలియడ్ 16వ కాండలో ఉంటుంది ఇది. నా తిప్పలు ఆ రెండో కవల పేరుతో. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాస్తే థానటోస్ అవుతుంది, ఒక పాత తెలుగు అనువాదంలో తానాటస్ అని చూశా, మా అబ్బాయేమో థానోస్ కదా నాన్నా అంటున్నాడు. ఏది రాయాలి? అసలు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మన మృత్యువుకి ఏమన్నా చుట్టమా?

ఉల్లిపొర:
మీ వాడు కరెక్టే అండి, చిటికేస్తే సగం మంది ఔట్ 😀 ఠాణా, థానోస్, రెండిటికీ దూరంగా ఉండటం ఆరోగ్యానికి మంచిది

ఓరుగల్లు_రాణి:
నవ్వుతున్నరు గానీ ఆ పిల్లగాడు అన్నదాంట్ల విషయముంది. మార్వెల్ కామిక్స్‌ల థానోస్ ఫస్ట్ టైం వచ్చింది 1973ల, ఐరన్ మ్యాన్ 55వ సంచికల. గీసింది జిమ్ స్టార్లిన్. కాలేజీల సైకాలజీ క్లాసు విన్నప్పుడు ఆ క్యారెక్టర్ తట్టిందని ఆయననే చెప్పుకున్నడు. సైకాలజీ క్లాసుల ఆ పేరెందుకొస్తదంటే ఫ్రాయిడ్ 1920ల మనిషి లోపల బతుకు వైపు గుంజేదొకటి, చావు వైపు గుంజేదొకటి ఉంటయని రాసిండు. మేం ఎమ్మేల చదివినప్పుడు ఈరోస్, థానటోస్ అనే పేర్లు ఫ్రాయిడ్ పెట్టినయే అనుకుని పరీక్షల కూడ రాసిన, మార్కులు కూడ పడ్డయ్. తర్వాత తెలిసిందేందంటే చావు దానికి ఆయన అచ్చుల వాడింది మామూలు జర్మన్ మాటనే, థానటోస్ అని తగిలిచ్చి ప్రచారం చేసింది పాల్ ఫెడెర్న్ లాంటి శిష్యులు. గ్రీకు పేరు పెడితే సిద్ధాంతానికి జర బరువొస్తది గదా, మన దగ్గర సంస్కృతం పేరు పెట్టినట్టే.

ఇంకొకటి, కామిక్స్‌ల థానోస్ చావును ప్రేమిస్తడు, ఆ చావు ఆడమనిషి. గ్రీకుల్ల మాత్రం చావు మగోడు. పేరు మగోనిది తీసుకుని ఇంకోనికి పెట్టి, చావుకేమో చీర కట్టిండ్రు.

ధాతుపాఠం:
ఉచ్చారణ సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక. ఆ మాటలో దీర్ఘం ఒక్కటి కూడా లేదు. మూడు అచ్చులూ పొట్టివే, అంటే థ-న-తొస్. థనతొస్. మొదటి అక్షరం మీద స్వరం పైకి లేస్తుంది, అంతే, సాగదు. హోమర్ కాలం నుంచి ఏథెన్స్ మంచి రోజుల దాకా గ్రీకులో ఆ మొదటి అక్షరం అచ్చంగా మన థ, ఒత్తు త. ఇంగ్లీషువాడు థింక్ అనేటప్పుడు నాలుక పళ్ళ మధ్య పెట్టి ఊదే శబ్దం గ్రీకులోకి తర్వాతెప్పుడో వచ్చింది, ఇప్పటి గ్రీకులు అలాగే అంటారు. ఇక ట అనడానికి అసలు ఆధారమే లేదు, అది ఇంగ్లీషు మీదుగా రావడం వల్ల అంటుకున్న మరక.

తెలుగువాళ్ళం ఇంకో సంగతికి కూడా సంతోషించాలి. గ్రీకులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. సంస్కృతంలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. అందుకని నాగరి లిపిలో గ్రీకు రాయాలంటే కొత్త గుర్తులు పెట్టుకోవాలి. మనకి ఆ బాధ లేదు. పొట్టి ఒ ఉంది, థ ఉంది, ఇంకేం కావాలి.

ఉల్లిపొర:
థ ఉంది సరే మాస్టారూ, పలికేదెవరు? మా గుంటూరులో కథని కధ అనే అంటాం, రాయడం కూడా అలానే రాస్తాం. థనతొస్ అని ప్రింటేసినా మా పిల్లలు ధనతొస్ అనే చదువుతారు. ఏదో లక్ష్మీదేవి వ్రతంలా ఉంది వినడానికి

ధాతుపాఠం:
నువ్వు జోకేశావు గాని, తెలియకుండానే వేల ఏళ్ళు వెనక్కి నడిచావు. గ్రీకు థ చాలా చోట్ల పాత ధ నుంచే వచ్చింది. మన మధు వాళ్ళకి మెథు, మన ధూమం వాళ్ళకి థూమొస్ (అర్థం మాత్రం పొగ నుంచి ఊపిరికి, ఆవేశానికి మారింది). కాబట్టి ఈ మాటకి గ్రీకు పుట్టక ముందున్న మూలరూపంలో మొదటి శబ్దం ధ-యే. గుంటూరు నాలుక దాన్ని మళ్ళీ బయటికి తీసింది.

కాగితం_పడవ:
మాస్టారూ ఇది భలే ఉంది. మరి ఆ ధ తో మొదలయ్యే చుట్టం మనకి ఉండాలిగా? మృత్యువు కాదని అర్థమైంది.

ఉల్లిపొర:
నాకు తెలుసు నాకు తెలుసు. తనువు. తనువు చాలించాడు అంటాం కదా, తను + అథ, అంటే ఒళ్ళు అయిపోయింది, థనతొస్. ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

చిన్న_సందేహం:
నేను మామూలుగా చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇవాళ ఆగలేక రాస్తున్నా. గీతలో "స్వధర్మే నిధనం శ్రేయః" అని ఉంది కదండీ, నిధనం అంటే చావు. ని తీసేస్తే ధనం. ధన, థన. ఇది చుట్టం కాదా?

ధాతుపాఠం:
ఇద్దరికీ కలిపి చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

తనువు కుదరదు. సంస్కృతం త గ్రీకులో కూడా త గానే ఉంటుంది, థ అవదు. పైగా తను అనే మాటకి గ్రీకులో అసలు చుట్టం వేరే ఉంది, తను- అనే ముక్కే, సాగిన, సన్నని అని అర్థం. సన్నగా సాగినది కాబట్టే మనకి తనువు, తన్వి. నిధనం ఊహ చెడ్డది కాదు, శబ్దం సరిపోయింది, కానీ అది ని + ధా. కింద పెట్టేయడం, ఒక చోట దించేయడం, అక్కడ నుంచి ముగింపు, అక్కడ నుంచి చావు. నిధి, నిధానం వాటి అన్నదమ్ముడు. గ్రీకులో ఆ ధా చుట్టం వేరే క్రియగా బతికే ఉంది.

ఇప్పుడు అసలు కథ. సంస్కృతం, గ్రీకు, లాటిన్ అన్నీ ఒకే కుటుంబం, ఆ కుటుంబం భాషల్లో చాలావాటిలో చావుకి పాత మాట మృ- అన్నదే. మనకి మృత్యువు, మరణం, మర్త్యుడు. లాటిన్‌లో మోర్స్. రష్యన్‌లో స్మెర్త్. పారసీలో మర్గ్. ఇంగ్లీషు మర్డర్ కూడా ఈ ఇంటిదే. ఇంతమంది దాచుకున్న మాటని గ్రీకులు మాత్రం రోజువారీ వాడకంలోంచి తీసేశారు. చనిపోవడం అనే క్రియగా అది గ్రీకులో లేదు. మిగిలింది కవిత్వంలో. బ్రొతొస్ అంటే మర్త్యుడు, మ్ర- కాస్తా బ్ర- అయింది. దానికి ముందు లేదు అనే అ పెడితే అంబ్రొతొస్, అక్కడ నుంచి అంబ్రోసియా. అది అక్షరం అక్షరం మన అమృతం.

ఇప్పుడు కాగితం పడవ గారు మొదట్లో చెప్పిన కథ మళ్ళీ చదవండి. శవానికి అపోలో పూసింది అంబ్రోసియా. మోసుకెళ్ళింది థనతొస్. చావుకి పాత మాట లేపనంలో దాక్కుంది, కొత్త మాట రెక్కలు కట్టుకుని శవాన్ని మోస్తోంది. హోమర్‌కి ఈ సంగతి తెలిసి రాశాడని అనను. కానీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది అక్కడ.

ఆ కొత్త మాట మూలం మీద రెండు పక్షాలు ఉన్నాయి. ఒక పక్షం ఋగ్వేదంలో అధ్వనీత్ అన్న రూపం చూపిస్తుంది, ఆరిపోయాడు, కనుమరుగయ్యాడు అని. మన కావ్యాల్లో చీకటికి ధ్వాంతం అంటామే, అది కూడా అదే ఇల్లు అంటారు. అర్థం అద్భుతంగా అతుకుతుంది, కానీ మధ్యలో వ ఏమైందన్నది సంజాయిషీ చెప్పుకోవాలి. రెండో పక్షం ధన్వతి అన్న క్రియ వైపు చూస్తుంది, పరిగెత్తు, ప్రవహించు, కదిలి వెళ్ళిపోవు. శబ్దం బాగానే ఉంది, అయితే పరిగెత్తడానికీ చావడానికీ ఏం సంబంధం అని అడుగుతారు అవతలివాళ్ళు.

ఓరుగల్లు_రాణి:
ఏం సంబంధమంటరేంది సర్? మా దిక్కు ఎవలన్న సచ్చిపోతే "పోయిండు" అంటం. అంతే. సచ్చిండు అంటే తిట్టినట్టు. పొద్దుగాల ఫోన్ వస్తే "పెద్దనాయిన పోయిండు" అంటరు, యాడికి పోయిండని ఎవ్వలు అడగరు. మీ ఆంధ్ర దిక్కు చనిపోయాడు అంటరు గదా, చను అంటే కూడ పోవుడే గదా. చనుదెంచె అని పద్యాలల్ల వస్తది.

ధాతుపాఠం:
అమ్మా, నమస్కారం నీకు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఇది ఇలా పక్కన పెట్టి చూడలేదు. చను అంటే వెళ్ళు. చనిపోవు అంటే వెళ్ళి, వెళ్ళిపోవు. రెండు సార్లు వెళ్ళడమే ఉంది ఆ మాటలో, చావన్న మాటే లేదు. ఇవాళ చను ఒంటరిగా ఎవరూ వాడటం లేదు కాబట్టి మనకి చనిపోవు అనగానే నేరుగా చావే వినిపిస్తుంది. దివంగతులు, గతించారు, అన్నీ వెళ్ళడమే. చావు, చచ్చు అనేవి ద్రావిడ భాషల సొంత మాటలు, తమిళంలో సా, కన్నడంలో సాయు, అవి మనం ఇప్పటికీ పెద్దవాళ్ళ ముందు వాడటానికి జంకుతాం.

గ్రీకుల్లో కూడా ఇదే జరిగి ఉంటుందని రెండో పక్షం లెక్క. మృ- అన్న పాత మాట నోట్లోంచి రానివ్వడానికి భయపడి వెళ్ళిపోయాడు అన్నారు, కొన్ని తరాలకి వెళ్ళడం మర్చిపోయి అదే చావైపోయింది. తేలిపోయిన సంగతి అని చెప్పను, మొదటి పక్షం వాళ్ళు ఇప్పటికీ గట్టిగానే ఉన్నారు. కానీ అర్థం అతకదు అన్న అభ్యంతరం మాత్రం తెలుగువాడు ఒప్పుకోనక్కర్లేదు.

ఇంకో రుజువు లాంటిది ఉంది. ఏథెన్స్ వచనంలో చచ్చిపోతున్నాడు అనాలంటే ఒట్టి థ్నేస్కో వాడరు, ముందు అపొ తగిలిస్తారు. అపొ అంటే మన అప, దూరంగా, అవతలికి. మళ్ళీ ఇంకోసారి వెళ్ళగొట్టారు అన్నమాట. చని పక్కన పోవు చేర్చుకున్నట్టే లేదూ?

పిరేయస్_రేవు:
నేను ఆలస్యంగా చూశాను, క్షమించాలి. మాది వైజాగ్, ఓడల రిపేరు పని మీద మూడేళ్ళ నుంచి గ్రీసులో ఉంటన్నాను. ఆ అపొ సంగతి మాస్టారు చెప్పగానే నాకు లైటెలిగింది. ఇక్కడ ఇప్పుడు చచ్చిపోతున్నా అనడానికి పెథేనో అంటారండి. పె ఏంటి అని నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. అది 'అపొ' అన్న ముక్కలో ఉన్న ప అన్నమాట! ముందున్న అ ఊడిపోయింది, ప వచ్చి ధాతువుకి అతుక్కుపోయింది. ఇక్కడోళ్ళకి అది రెండు ముక్కలని తెలీదు, మనకి చనిపోవు సంగతి తెలీనట్టే.

మన చావు వాడకాలన్నీ ఇక్కడ ఉన్నాయండి. నవ్వలేక చచ్చాను అంటారు, అలిసి చచ్చాను అంటారు. ఇంకో క్రియ ఉంది, ప్సొఫో, అది గొడ్డూ గోదా చస్తే వాడేది. మనిషికి వాడారంటే కోపమన్నట్టే. ఒకసారి మా ఫోర్‌మేన్ అమ్మగారు పోయినప్పుడు పరామర్శకి వెళ్ళి, నాకొచ్చిన అరకొర గ్రీకులో ఆ రెండోది వాడేశాను. గదంతా నిశ్శబ్దం. తర్వాత ఆయనే భుజం తట్టి కాఫీ ఇచ్చాడనుకోండి, కానీ ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తాది.

ఇంక మా పక్క టేబుల్ కుర్రాడి పేరు థానోస్. నిజంగానే. ఇక్కడ చాలామందికి ఉంటాది ఆ పేరు. మొదట్లో నేను కూడా ఇదేం పేరురా బాబూ, కొడుక్కి చావు అని పెట్టుకుంటారా అనుకున్నాను. అడిగితే చెప్పాడు, అసలు పేరు అథనాసియోస్, ముద్దుగా థానోస్. అథనాసియోస్ అంటే చావు లేనివాడు. ముద్దు చేసినప్పుడు ముందున్న అ ఎగిరిపోయింది. జనవరి 18న ఆ సెయింటు పండగ, ఆ రోజు ఆడు ఆఫీసంతటికీ స్వీట్లు పంచుతాడు.

ఉల్లిపొర:
అంటే అమృతరావుని ముద్దుగా మృతరావు అన్నట్టా?? 😂😂

పిరేయస్_రేవు:
అచ్చం అదే. ఆడికి చెప్పాను, పగలబడి నవ్వాడు.

రూతు_మనవడు:
మేం చిన్నప్పటి నుంచీ ఈ మాట గ్రీకు అని తెలీకుండానే చదువుకున్నాం అండి. కొత్త నిబంధన రాసింది గ్రీకులో కదా. ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో నలుగురు గుర్రపు రౌతులు వస్తారు, నాలుగోవాడి గుర్రం పాలిపోయిన రంగు, తెలుగు బైబిల్లో "దాని మీద కూర్చున్న వాని పేరు మృత్యువు" అని ఉంటుంది, గ్రీకులో అక్కడ ఉన్నది థనతొసే. వెనకాలే పాతాళ లోకం నడిచొస్తుంది, అది గ్రీకులో హేడిస్. మా నాయనమ్మ ఆ అధ్యాయం గట్టిగా చదివితే రాత్రి బయటికి వెళ్ళాలంటే భయమేసేది. అదే మాట పౌలు కొరింథీయులకి రాసిన పత్రికలో కూడా, "ఓ మరణమా, నీ ముల్లెక్కడ" అని సమాధుల దగ్గర చదువుతారే, అక్కడ. అంటే తెలుగు చేసినవాళ్ళు ఒకే మాటకి ఒక చోట మృత్యువు అని, ఒక చోట మరణం అని పెట్టారు. కాగితం పడవ అన్నా, నువ్వు మృత్యువు అనే రాసేయి, దానికి ముందే దారి ఉంది.

ధాతుపాఠం:
బాగా పట్టుకున్నావు బాబూ. ఆ వచనం చివర్లో కత్తితో, కరవుతో, మరణంతో చంపడానికి అని వస్తుంది, అక్కడ చావుతో చంపడం ఏంటని తికమక పడతారు. హీబ్రూ బైబిల్ని గ్రీకులోకి మార్చినప్పుడు తెగులు అనే హీబ్రూ మాటకి చాలాచోట్ల థనతొస్ అనే వేశారు. కాబట్టి అక్కడ అది మహమ్మారి. ఒక మాట అనువాదంలో ఇంకో బరువు మోసుకొచ్చింది.

పిరేయస్_రేవు:
ఈస్టర్ అర్ధరాత్రి ఇక్కడ చర్చి బయట కొవ్వొత్తులు పట్టుకుని వీధంతా ఒక పాట పాడతారు, అందులో "థనతో థనతొన్" అని వస్తాది, చావుతోనే చావుని తొక్కేశాడు అని. ప్రార్థన తెలీనోడు కూడా ఆ ముక్క పాడతాడు.

కానీ ఒక మాట. ఇక్కడోళ్ళకి థానతోస్ అంటే మనిషిలా కనబడడు, ఒట్టి మరణం అనే మాట, పేపర్లో రాసేది. చావుని మనిషిలా చెప్పాలంటే ఖారోస్ అంటారు. పాతకాలంలో పడవ మీద ఆత్మల్ని నది దాటించే ఖారోన్ ఉన్నాడు కదా, ఆడికే ప్రమోషన్ ఇచ్చారు. జానపద పాటల్లో నల్లబట్టలేసుకుని గుర్రమెక్కి వస్తాడు, దిగెనిస్ అనే వీరుడితో పాలరాయి కళ్ళం మీద కుస్తీ పడతాడు. కళ్ళం అంటే మన వరి నూర్చే కళ్ళమే.

కాగితం_పడవ:
అయ్యో, నేను ఒక్క స్పెల్లింగు అడిగితే ఊరంతా తిరిగొచ్చాం. అందరికీ థాంక్స్. ఇంకో సమస్య, బొమ్మ వేసేవాళ్ళకి చెప్పాలి. ఈ థనతొస్ ఎలా ఉంటాడు? అస్థిపంజరం, కొడవలి?

ఓరుగల్లు_రాణి:
గ్రీకుల్లకు అస్థిపంజరం తెల్వది. రెక్కలుంటయ్. యూఫ్రోనియోస్ గీసిన పెద్ద కూజా ఒకటి ఉంది, సుమారు క్రీ.పూ. 515 నాటిది, మీ కథనే దానిమీద బొమ్మ. మధ్యల సార్పెడాన్, నెత్తురు కారుతుంటది, అటొకడు ఇటొకడు రెక్కలోళ్ళు లేపుతుంటరు, పక్కన పేర్లు కూడ రాసి ఉంటయ్. ఇద్దరూ ఒక్కతీరుగ ఉంటరు, పేరు చదవకుంటే నిద్ర ఎవరో చావు ఎవరో తెల్వదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972ల పది లక్షల డాలర్లకు కొన్నది, దొంగతనంగ తవ్వి తెచ్చిందని తేలి 2008ల ఇటలీకి వాపస్ ఇచ్చింది. 1769ల లెస్సింగ్ అనే జర్మన్ రచయిత ఇదే విషయం మీద ఒక పుస్తకమే రాసిండు, పాతవాళ్ళు చావును ఎముకల గూడు లెక్క గీయలేదని.

ధాతుపాఠం:
ఆ కవల సంగతి కూడా చెప్పేస్తాను, వదలబుద్ధి కావడం లేదు. నిద్ర పేరు హుప్నొస్. గ్రీకులో మొదటి స చాలాచోట్ల హ అయిపోతుంది, మన సప్త వాళ్ళకి హెప్త. ఆ లెక్కన హుప్నొస్ పక్కన పెట్టాల్సింది మన స్వప్నం. ఇది వివాదం లేని చుట్టరికం. కవలల్లో ఒకడి పుట్టింటి అడ్రసు ఇంత స్పష్టంగా ఉంటే, రెండోవాడి మీద రెండు పక్షాలు కొట్టుకుంటున్నాయి.

హెసియడ్ అనే పాత గ్రీకు కవి ఇద్దరినీ రాత్రి అనే తల్లి బిడ్డలుగా చెప్పాడు. నిద్ర భూమ్మీద మెల్లగా, మనుషులకి ఇష్టంగా తిరుగుతాడట, రెండోవాడిది ఇనుప గుండె, పట్టుకుంటే వదలడు, దేవుళ్ళకి కూడా వాడంటే పడదు.

చిన్న_సందేహం:
అయితే యముడు అని రాయొచ్చు కదండీ? పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుంది.

ధాతుపాఠం:
వద్దు. యముడు రాజు, లెక్క చూస్తాడు, తీర్పు చెప్తాడు. ఆ పక్కన పోల్చాలంటే పాతాళానికి రాజైన హేడిస్‌ని కొంచెం పోల్చొచ్చు. థనతొస్‌కి సింహాసనం లేదు, సభ లేదు, వచ్చి తీసుకుపోవడమే పని. యురిపిడీస్ క్రీ.పూ. 438లో ఆడించిన ఆల్కెస్టిస్ నాటకంలో వేదిక మీదికే వస్తాడు, కత్తి పట్టుకుని. ఆ కత్తి పొడవడానికి కాదు, పోవాల్సిన మనిషి తల మీద వెంట్రుక కోయడానికి. కోసేస్తే ఆ మనిషి పాతాళం వాళ్ళ సొత్తు. భర్త బదులు తాను పోవడానికి ఒప్పుకున్న ఇల్లాలి కథ అది.

ఉల్లిపొర:
సావిత్రి కథ తిరగేసినట్టుంది

ధాతుపాఠం:
అవును, అక్కడ మాటలతో గెలిచింది, ఇక్కడ హెరాక్లీస్ అనే వీరుడు సమాధి దగ్గర కాపు కాసి థనతొస్‌ని కుస్తీలో పడేసి లాక్కొస్తాడు. తెలివి సావిత్రిదే ఎక్కువ.

మన దగ్గర అసలు పోలిక యముడితో కాదు, భారతంలో మృత్యువు అనే ఆడపిల్లతో. బ్రహ్మ సృష్టించి జనాన్ని చంపు అంటే ఆ పిల్ల ఏడ్చింది, నావల్ల కాదంది, ఏళ్ళ తరబడి తపస్సు చేసింది. చివరికి ఆవిడ కన్నీళ్ళే రోగాలయ్యాయి. సంస్కృతంలో మృత్యు శబ్దం పుంలింగంగానూ ఉంది, స్త్రీలింగంగానూ ఉంది, అందుకే కథకుడికి ఆ వీలు దొరికింది. గ్రీకులో థనతొస్ ఒట్టి పుంలింగం, కాబట్టి మగవాడే. లాటిన్ మోర్స్ స్త్రీలింగం, రష్యన్ స్మెర్త్ స్త్రీలింగం, జర్మన్ మాట మళ్ళీ పుంలింగం. బొమ్మలో చావుకి మీసం పెట్టాలా వద్దా అన్నది చాలాచోట్ల వ్యాకరణం నిర్ణయించింది.

ఓరుగల్లు_రాణి:
సర్, అథనతొస్ అంటే అమరుడు గదా, అందులనన్న దీర్ఘం ఉందా? నేను ఎక్కడనో ఆథనతొస్ అని చూసిన.

ధాతుపాఠం:
మామూలుగా అ పొట్టిదే. హోమర్ దగ్గర మాత్రం ఆ అవుతుంది, కారణం ఛందస్సు. వాళ్ళ పాదంలో ముఖ్యమైన గణం గురువు లఘువు లఘువు, అంటే మన భ గణం. అథనతొస్‌లో మొదటే మూడు లఘువులు వరసగా పడ్డాయి, ఆ పాదంలో మూడు లఘువులు పక్కపక్కన కూర్చోడానికి చోటు లేదు. దేవుళ్ళ గురించి రాసే కావ్యంలో అమరులు అన్న మాటే పట్టకపోతే ఎలా? అందుకని మొదటి అక్షరం సాగదీసి భ గణం చేసుకున్నారు.

రూతు_మనవడు:
కారుణ్య మరణం అంటున్నారే, యుథనేసియా, అది కూడా ఇదేనా?

ధాతుపాఠం:
అదే. ముందున్న ఎఉ మన సు. సుమరణం. ఇప్పుడు కోర్టుల్లో వాడే అర్థం కొత్తది. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ ఎవరైనా నొప్పి లేకుండా చటుక్కున పోయారని వింటే తనకీ, తనవాళ్ళకీ అలాంటి ఎఉథనసియా కావాలని కోరుకునేవాడట, ఆ గ్రీకు మాటే వాడేవాడని సూటోనియస్ రాశాడు. మన పెద్దవాళ్ళు గుళ్ళో కూర్చుని "అనాయాసేన మరణం" అని అడుగుతారు చూడండి, అదే కోరిక.

కాగితం_పడవ:
పూర్తి చేశాను. అస్థిపంజరం వద్దని చెప్పేశా. మొదటిసారి వచ్చినచోట "థనతొస్ అనే మృత్యువు", తర్వాతంతా మృత్యువు. తమ్ముడిని నిద్ర అనే ఉంచాను. ఆ ముక్క ఇలా వచ్చింది: "కవలలిద్దరూ రెక్కలు విప్పారు. ఒకడు తల వైపు పట్టుకున్నాడు, ఒకడు కాళ్ళ వైపు. ఎవరు నిద్రో ఎవరు మృత్యువో కింద నుంచి చూస్తున్న సైనికులకి తెలియలేదు." రాణి అక్కా, ఆ చివరి వాక్యం నీదే, చెప్పకుండా వాడేసుకున్నా.

ఓరుగల్లు_రాణి:
వాడుకో తమ్మీ, మంచిగొచ్చింది. పత్రిక రాంగనే ఫొటో పెట్టు.

కాగితం_పడవ:
(మూడు వారాల తర్వాత) పత్రిక వచ్చింది. ఫొటో పెట్టాలంటే మొహం చెల్లట్లేదు. ఎడిటర్ గారు నాకు ఫోను చేయకుండానే, పిల్లలకి అర్థం కాదని మొత్తం "యముడు" అని మార్చేశారు. "యముడు, అతని కవల తమ్ముడు నిద్ర" అని ఉంది. అడిగితే, అందరికీ తెలిసిన దేవుడే కదండీ అన్నారు.

ఉల్లిపొర:
బొమ్మలో దున్నపోతు ఉందా?

కాగితం_పడవ:
ఉంది. రెక్కలతో.